సీమలో విన్న మన మాట

పరదేశమునకు పోయి వచ్చినవారు అచ్చటి మేడలను, వీథులను, యంత్రములను గూర్చి వ్రాయుట పరిపాటి. నేను గత వేసవిలో ఇంగ్లండునకు పోయి వచ్చి ఒక్క మాటను గూర్చి వ్రాయుచున్నాను. ఆ మాట నన్ను పొరుగింటి పెరటినుండి సముద్రతీరమునకును, సముద్రతీరమునుండి కొండమీది పాలరాతి మండపమునకును నడిపించినది. కావున దీనిని యాత్రావృత్తాంతముగనే సోదరీమణులు చదువుదురుగాక.

మా రెండవ అమ్మాయి లండనునకు దక్షిణముననున్న క్రాయిడన్ అను పేటలో కాపురమున్నది. అల్లుని ఉద్యోగ మచ్చట. పెండ్లియైన నాటినుండి రమ్మని పిలుచుచునే యున్నది. ఇంటి బాధ్యతలలో పడి నేను పోలేకపోతిని. తుదకు ఆవకాయయు, అప్పడములును, మనుమరాలికి రెండు పట్టుపరికిణీలును మూటగట్టుకొని కాకినాడనుండి బయలుదేరితిని. మనుమరాలికి ఏడేండ్లు. దానిని దగ్గరకు తీసికొని, “అమ్మలూ, మన యింటి కెప్పుడు వచ్చెదవే?” అని యడిగితిని. అది నా ముఖము వింతగా చూచి, “అమ్మమ్మా, మన యిల్లు ఇదే గదా!” అన్నది. పిల్ల మాటకు అందరును నవ్విరి. నేనును నవ్వితిని గాని ఆ మాట నా మనసులో ముల్లువలె నాటుకొన్నది.

మా అమ్మాయి పొరుగింట ఎనుబదేండ్లు దాటిన ఆంగ్లవృద్ధురా లొక్కతే నివసించుచున్నది. మూడవనాటి ఉదయమున నేను పెరటిలో బట్టలారవేయుచుండగా ఆమె కంచె కావలినుండి పలుకరించి, “బ్లైటీ మీకు నచ్చినదా?” అని యడిగెను. చిన్ననాడు బడిలో నేర్చిన ఆంగ్లము నాకు కొంత కలదు. ‘బ్లైట్’ అనగా మొక్కలకు పట్టు తెగులని మా తండ్రిగారు తోటపని పుస్తకము చదువుచు చెప్పిన జ్ఞాపకము. ఆమె కంచె పొడవునను గులాబీలు విరగబూచి యున్నవి. పాపము, వానికి తెగులు పట్టినదేమో యని అడుగుచున్నది కాబోలునని తలచి, “మీ పూలు చక్కగానే యున్నవి, తెగులేమియు కనబడదు” అంటిని. ఆమె మొదట తెల్లబోయి, పిమ్మట కడుపుబ్బ నవ్వెను. లోపలినుండి వచ్చిన మా అమ్మాయియు నవ్వెను. ఎందులకో తెలియకయే నేనును నవ్వితిని.

ఆ సాయంకాలము ఆమె మమ్ము తేనీటికి పిలిచి ఆ మాట యర్థము చెప్పెను. బ్లైటీ యనగా ఇంగ్లండట. పటములోను, ప్రభుత్వపు కాగితములలోను ఆ పేరు కనబడదు. దూరదేశముననున్న ఆంగ్లేయుడు తన దేశమును ముద్దుగా తలచుకొనునప్పుడు మాత్రమే ఆ మాట వాడునట. “అయితే మా తాతగారు దానిని వేఱొక యర్థమున వాడెడివారు” అని ఆమె గోడమీది పాత ఛాయాపటము చూపినది. సైనికుని దుస్తులలో నున్న బక్కపలుచని యువకుడు. 1916లో ఫ్రాన్సు యుద్ధరంగమున ఆతని తొడకు గుండు తగిలెను. తోడివారు ఆతనిని మోసికొనిపోవుచు, “అదృష్టవంతుడవు, నీకు బ్లైటీ దొరకినది” అని అభినందించిరట. “ఆ గుండు తగిలి ఇంటికి రాకపోయినచో ఆయన బ్రదికెడివాడు కాడేమో! మా తల్లి పుట్టెడిది కాదు, నేనును లేను” అని ఆ వృద్ధురాలు పలికెను.

గాయమునకు అభినందనమా! నాకు విపరీతముగ తోచినది. ఇంటికి వచ్చిన పిమ్మట మా అమ్మాయి, “అమ్మా, ఇంకొక వింత చెప్పనా? ఆ మాట వారిది కాదు, మనదే” అన్నది. ఆ రాత్రి మే మిద్దరము నిఘంటువులు ముందు పెట్టుకొని కూర్చుంటిమి. అందు తెలిసిన సంగతిని సోదరీమణులకు సంగ్రహముగ చెప్పెదను.

అరబ్బీ భాషలో ‘విలాయత్’ అను మాట కలదు. రాజ్యమనియు, ఒక అధికారి పాలించు ప్రాంతమనియు దాని యర్థము. పారసీకముద్వారా అది మన దేశమున ప్రవేశించి, మొదట దూరముననున్న పరదేశములకును, క్రమముగా ఐరోపాకును, కడపట ముఖ్యముగా ఇంగ్లండునకును పేరైనది. విలాయతునుండి వచ్చిన మనిషి గాని, వస్తువు గాని ‘విలాయతీ’. ఉత్తరదేశమున కొందఱి నోట ‘వ’కారము ‘బ’కారమై అది ‘బిలాయతీ’ అయ్యెను. యూల్, బర్నెల్ అను ఇద్దరు పండితులు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్ జాబ్సన్’ అను నిఘంటువున ఈ మాట వివరముగ కలదు. సీసాలో పొంగెడు సోడానీటిని ఆ కాలపు వంటవారు ‘బిలాయతీ పానీ’ యనెడివారట.

మన తెలుగునాట ఈ పనినే ‘సీమ’ అను మాట చేసినది. సీమయనగా హద్దు, దేశము. అయినను మన ముత్తవ్వలు “వాడు సీమకు పోయినాడు” అన్నచో ఇంగ్లండునకు పోయినాడనియే యర్థము. సీమదొర, సీమసరకు, సీమసున్నము మొదలగు మాటలు నేటికిని మనకు తెలిసినవే. మన పిల్లలు గడకఱ్ఱలతో రాల్చుకొని తిను సీమచింత పుట్టిల్లు నిజమునకు అమెరికాఖండము. అయినను ఓడమీద వచ్చిన దెల్ల మనకు సీమదే కదా! హిందీవారు ఆ కాయనే ‘విలాయతీ ఇమ్లీ’ యందురు. సీమయన్నను, విలాయతన్నను ఇరువురి భావము నొక్కటే: అది మనది కాదు, ఆవలి యొడ్డునుండి వచ్చినది.

ఈ దేశమున బారకాసులలో నివసించిన ఆంగ్లసైనికులు ఆ ‘బిలాయతీ’ మాటను బజారులో, వంటయింట, చాకలివాని నోట ప్రతిదినమును వినిరి. తమ దేశమును గూర్చి ఇచ్చటివారు పలుకు మాట గనుక దానినే నలిపి ‘బ్లైటీ’ యని తామును పలుకసాగిరి. మన ‘దేఖో’ను ‘డెక్కో’ యనియు, ‘ఖుషీ’ని ‘కుషీ’ యనియు వారు తీసికొనిపోయినట్లే ఇదియును. మన తెలుగు పందికొక్కు సయితము ‘బాండికూట్’ అను పేరుతో ఆంగ్ల నిఘంటువున కెక్కినది గదా! అయితే ఈ మాట విషయమున జరిగిన చిత్రము మఱెచ్చటను కానరాదు. మన నోట ‘పరాయిది’ అను నర్థమున్న మాట వారి నోట ‘మాయిల్లు’ అను నర్థము నొందినది. ఒకే మాట, ఒకే దేశము. పలుకు నోరు మాఱగనే అర్థము తలక్రిందులయ్యెను.

1914లో ప్రపంచయుద్ధము ఆరంభమైనది. అంతవరకు వృత్తిసైనికుల గుంపులలో మాత్రమే తిరిగిన ఈ మాట లక్షలకొలది క్రొత్త సైనికుల నోటికెక్కెను. ఫ్రాన్సులో బురదకందకములలో, ఎలుకల నడుమ, ఫిరంగిగుండ్ల క్రింద పడియున్నవారికి బ్లైటీ యన్న దేశము కాదు. పొయ్యి రాజుకొన్న వంటయిల్లు, తల్లి చేతి రొట్టె. అచ్చటినుండి ప్రాణముతో ఇల్లు చేరుటకు వారికి కనబడిన దారి గాయము. ప్రాణము తీయక, అవయవము పోగొట్టక, కందకమున నిలువలేనంత మాత్రము బాధపెట్టు గాయమైనచో ఓడ నెక్కించి ఇంగ్లండునకు పంపెదరు. అట్టి గాయమునకే ‘బ్లైటీ’ యని పేరు వచ్చెను. కొందఱు తాళలేక తమ్ము తామే కాల్చుకొనుటయు కలదు, పట్టుబడినచో కఠినశిక్ష. 1916లో ఈ పేరు గల పాటయొకటి నాటకశాలలలో మ్రోగెను. అదే సంవత్సరము ఇదే పేరుతో సైనికులకై హాస్యపత్రిక యొకటి వెలువడెను. నేడు పరదేశముల నున్న ఆంగ్లేయులు సగము పరిహాసముగను, సగము బెంగతోను మాత్రమే ఈ మాట వాడుదురు. 2009 మొదలు 2013 వఱకు ఈ పేరుతో ఒక టెలివిజను ప్రసారము కూడ నడచినది.

ఇంతవఱకు విని నేను మా అమ్మాయి నడిగితిని: “ఆ యుద్ధమున మనవారును ఫ్రాన్సులో పోరిరి గదా? వారికి గాయమైనచో ఎచ్చటికి పంపిరి?” అది కొంతసేపు ఊరకుండి, “బ్లైటీకే” అన్నది. “శనివారమున బ్రైటనునకు పోదము. అచ్చట చూడవచ్చును.”

క్రాయిడనునుండి బ్రైటనునకు రైలులో గంటలోపు ప్రయాణము. 1841లో వేసిన మార్గము. పచ్చని పొలములు, ఎఱ్ఱపెంకుల యిండ్లు, గొఱ్ఱెలమందలు గడచి, ఒక సొరంగము దాటగా గాలిలో ఉప్పువాసన తగిలెను. కాకినాడదానిని గనుక నాకు ప్రాణము లేచి వచ్చినది. కాని సముద్రపు టొడ్డున ఇసుక లేదు! గుండ్రని గులకరాళ్లు, అలలు వెనుకకు పోవునప్పుడెల్ల ఆ రాళ్లు ఒకదానితో నొకటి రాచుకొని, చేటలో పప్పు చెఱుగుచున్నట్లు శబ్దము చేయును. మనుమరాలు కొంగునిండ రాళ్లు ఏరి నాకు దాచుమని యిచ్చినది.

ఊరి నడుమ రాయల్ పెవిలియన్ అను రాజభవనము కలదు. తరువాత నాలుగవ జార్జిరాజైన యువరాజు విలాసమునకై కట్టించుకొన్నది. జాన్ నాష్ అను శిల్పి 1815 మొదలు దానిని నేటి రూపమునకు తెచ్చెను. ఉల్లిగడ్డలవంటి గుమ్మటములు, సన్నని స్తంభములు, జాలీపనులు — చూడగనే ఏ నవాబుగారి కోటయో యనిపించును. హిందూదేశము నెన్నడు చూడనివారు చిత్తరువులు చూచి కట్టిన హిందూదేశమది. లోపల అడుగిడగా చీనాదేశపు చిత్రములు, నాగముల తోరణములు! విక్టోరియారాణి కిది నచ్చలేదు. 1850లో పట్టణమువారికి అమ్మివేసెను.

1914వ సంవత్సరము శరదృతువున మన సైన్యము మార్సేల్సు రేవున దిగినది. వారిలో పంజాబీలు, గఢవాలీలు, పఠానులు, గూర్ఖాలు అధికము. ఉష్ణదేశపు దుస్తులతోనే వారు ఆ హేమంతమున కందకములలో నిలిచిరి. గాయపడినవారికై బ్రైటనులో మూడు తావుల ఆసుపత్రు లేర్పడెను. ఒకటి ఈ రాజభవనమును దాని ప్రక్కనున్న డోము, ధాన్యశాలలును. డోము పూర్వము రాజుగారి గుఱ్ఱపుసాల. రెండవది ఒక పాఠశాల. మూడవది బీదలవసతిగా నుండి కిచెనర్ పేర ఆసుపత్రిగా మాఱినది.

1914 డిసెంబరు మొదలు 1916 ఆరంభము వఱకు పెవిలియనులో మన సిపాయిలు మంచములమీద పరుండి, తలమీద వ్రేలాడు రాణివాసపు స్ఫటికదీపములను చూచుచు రోజులు లెక్కించిరి. సంగీతశాల, విందుశాల రోగుల గదులయ్యెను. రాజుగారి వంటశాల శస్త్రచికిత్సాలయమయ్యెను. వంటయింటి సంగతి చెప్పక పోజాలను. కులమతముల నెంచి తొమ్మిది వంటశాలలు వేర్వేరుగా నేర్పఱచిరి. హిందువులకు, మహమ్మదీయులకు నీటికొళాయిలు వేఱు. వ్రాతపలకలు ఉర్దూ, హిందీ, గురుముఖీ లిపులలో. తోటలో మహమ్మదీయుల నమాజునకు తావును, సిక్కులకు డేరాలో గురుద్వారమును ఏర్పాటు చేసిరి. ఈ శ్రద్ధలో దయయు కలదు, రాజనీతియు కలదు. సిపాయి మనసు విఱిగినచో గ్రామములలో సైన్యమునకు మనుష్యులు దొరకరని దొరలకు తెలియును. కావుననే ఈ ఆసుపత్రిని గూర్చి చిత్రపటములు, పుస్తకములు అచ్చొత్తించి పంచిరి.

మేము ఆ గదులలో తిరుగుచుండగా నాకు వృద్ధురాలి తాతగారి ఛాయాపటము జ్ఞాపకమునకు వచ్చెను. ఆతనికి తగిలిన గాయమే మన పంజాబు పల్లెటూరి కుఱ్ఱవానికిని తగిలెననుకొనుడు. ఆతనిని కూడ అదే ఓడ నెక్కించి, అదే యొడ్డున దింపిరి. ఆంగ్లసైనికునికి బ్లైటీ దొరకినది. మనవానికిని బ్లైటీయే దొరకినది. కాని ఆతడు దిగిన తావు తల్లి యున్న తావు. ఈతడు దిగినది విలాయతు. తన ముత్తాతలనాడు పెట్టిన యర్థమున, పరాయిదేశము. తన యింటి మాటను పరులు తీసికొని తమ యింటికి పేరుగా పెట్టుకొనిరి. ఆ పేరు గల యింట ఈతడు అతిథి.

అంతతో ముగియలేదు. గాయము మానినవారిని మరల ఫ్రాన్సుకే పంపుచుండిరి. దీనివలన సిపాయిలకు కలిగిన దుఃఖము వారి యుత్తరములలో కనబడును. ఆ యుత్తరముల నెల్ల అధికారులు విప్పి, తర్జుమా చేయించి, పరీక్షించెడివారు. ఆ ప్రతులు నేటికిని లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నిలిచియున్నవి. పరీక్షాధికారి కన్నుగప్పుటకు సిపాయిలు తమ భాషయు నొకటి కల్పించుకొనిరి. నల్లమిరియము అనగా హిందూసైనికులు. ఎఱ్ఱమిరపకాయ అనగా తెల్లవారు. నల్లమిరియములు అయిపోవుచున్నవని వ్రాసినచో ఇంటివారికి అర్థమగును. పోపులడబ్బాలోని దినుసులతో చావుకబురు వ్రాసికొన్నారన్నమాట! ఆంగ్లసైనికునికి బ్లైటీ యెట్టిదో మనవానికి మిరియ మట్టిది. నోరు విప్పలేని చోట మనిషి మాటకు క్రొత్త యర్థము కుట్టుకొనును.

పెవిలియను తోటలో 1915 ఆగస్టు 25వ తేదీన అయిదవ జార్జిరాజు మీర్ దస్తు అను జమేదారుకు విక్టోరియా క్రాసు బహూకరించెను. ఈప్రే యుద్ధమున ఆయన తోడివారిని కాపాడి, గాయపడి, విషవాయువువలన బాధనొందెను. ఒకమారు గాయపడినవానిని మరల యుద్ధమునకు పంపరాదని ఆయన రాజుతో మనవి చేసెనని నాటి సిపాయి యుత్తరమొకటి చెప్పుచున్నది. ఇంకొక సంగతి. సిపాయిలలో కొందఱు ఇంటికి పోవు నాసతో తమ్ము తామే గాయపఱచుకొనుచున్నారని అధికారులలో అనుమానము కలిగెను. కిచెనర్ ఆసుపత్రి యధికారియైన కర్నల్ సీటన్ వేయి గాయములను ఒక్కొక్కదానినే పరీక్షించి, ఆ యనుమానమునకు ఆధారము లేదని తేల్చెను. ఆయన ఆసుపత్రిలోనే రోగులను ఊరిలోనికి పోనీయక కట్టడిచేయుటయు నిజమే. అచ్చటివారు దానిని చెఱసాల యని తలచిరి.

తోటకు దక్షిణమున ఒక ద్వారము కలదు. గుజరాతుశిల్పపు తీరున కట్టినది. మనవారు జ్ఞాపకార్థము సమర్పించిన దానిని 1921 అక్టోబరులో పటియాలా మహారాజు ఆవిష్కరించెను. జనులు చేత మంచుముద్దలు పట్టుకొని, నవ్వుకొనుచు దాని క్రిందుగా పోవుచున్నారు. ఎవరును తలయెత్తి చూచుట లేదు. తప్పనలేను, మన యూళ్లలోని ద్వారముల నెన్ని సారులు మనము తలయెత్తి చూచితిమి?

మధ్యాహ్నము బస్సులో ప్యాచమ్ అను పల్లెకు పోయి, అచ్చటినుండి కొండమీదికి నడచితిమి. బండి పోవు దారి లేదు. ఆ గడ్డికొండల కడుపు నిండ సుద్దయే. కాలిబాట తెల్లగా మెఱయుచున్నది. కొంతదూరము పోవుసరికి మనుమరాలి పాదములు ముగ్గులో త్రొక్కినట్లాయెను. “అమ్మమ్మా, ఇదేమి?” అనగా, “సీమసున్నమే, తల్లీ” అంటిని. చిన్ననాట పలకమీద వ్రాయునప్పుడు ఆ మాట నెన్ని వేలసారులు పలికియుంటినో! సీమసున్నపు సీమలో నిజముగ నడచుచున్నానన్న తలపు అప్పుడు కలిగినది.

గంటకు పైగా నడువగా పచ్చికబయలు నడుమ తెల్లని మండపము కనబడెను. దానిని ‘ఛత్రి’ యందురు. ఛత్రి యనగా గొడుగే. ఉత్తరదేశమున రాజుల దహనస్థలములపై కట్టు స్తంభమండపములకు ఆ పేరు. బ్రైటను ఆసుపత్రులలో మరణించిన హిందువులను, సిక్కులను 53 మందిని ఈ తావుననే దహనము చేసిరి. భస్మమును సముద్రమున కలిపిరి. మహమ్మదీయులను వోకింగ్ పట్టణమున మసీదు దాపున ఖననము చేసిరి. చితులు పేర్చిన తావులను మూడు నల్లసేనపు బండలు కప్పియున్నవి. వానికి పైగా ఎనిమిది స్తంభముల పాలరాతి గుమ్మటము. బొంబాయికి చెందిన హెన్రిక్స్ అను యువశిల్పి దీనిని రూపించెను. 1921 ఫిబ్రవరి 1వ తేదీన వేల్సు యువరాజు ఆవిష్కరించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమువారు ఈ కొండలమీద గుఱి నేర్చుకొనగా ఛత్రికి తుపాకిదెబ్బలు తగిలి, పిదప బాగుచేయబడినది. మృతులకు పిమ్మట వారి గొడుగునకు సయితము గాయమైనది!

చిరకాలము అచ్చట పేర్లు లేవు. 2010లో ప్రక్కనే ఒక రాతిపలకను నిలిపి 53 పేర్లును చెక్కించిరి. ఏటేట జూను మాసమున జనులు కూడి పూదండలుంచుదురు. మేము పోయిన నాడు మాత్రము గాలియు, గొఱ్ఱెలును తప్ప వేఱెవ్వరును లేరు. మనుమరాలు వ్రేలితో తడవుచు ఆ పేర్లను ఒక్కొక్కటిగా కూడబలుకుకొని చదివినది. అన్నియు చదివి నావైపు తిరిగి, “అమ్మమ్మా, వీరు ఇంటికి పోలేదా?” అని యడిగెను.

ఏమని చెప్పుదును? దిగువను సముద్రము కనబడుచున్నది. “ఆ నీటిలో పోయిరి, తల్లీ. ఆ నీరును, మన కాకినాడ నీరును ఒకటే” అంటిని. అది కొంతసేపు ఆలోచించి, తీరమున ఏరితెచ్చిన గులకరాళ్లలో చక్కని దానిని తీసి ఆ పలక క్రింద నుంచినది. ఎవరును చెప్పలేదు. దానికే తోచినది.

మరునాడు పొరుగింటి వృద్ధురాలికి సంగతియంతయు చెప్పితిని. ఆమె జన్మమంతయు బ్రైటనునకు గంటదూరములో గడపినది. వేసవి వేసవికి అచ్చటికి పోయినది. ఛత్రి సంగతి తెలియదు. బ్లైటీ యను మాట మనదని యంతకంటె తెలియదు. చాలసేపు మాటాడక కూర్చుండి, పిమ్మట గోడమీది పటము వంక చూచి, “మా తాత ఇంటికి వచ్చెను” అని మాత్రము మెల్లగా అనెను. నేను బయలుదేరు నాడు తన గులాబీలు గుత్తిగా కట్టి తెచ్చి, “చూడుడు, తెగులు లేదు” అని నవ్వుచు చేతిలో పెట్టినది. వానిని విమానమున తేలేనని యెఱిగియు తీసికొంటిని. మా అమ్మాయి యింట నీటిలో నుంచి వచ్చితిని.

ఇప్పుడు ఫోనులో మా అమ్మాయి “ఇప్పుడే ఇంటికి వచ్చితి నమ్మా” యన్నచో ఆ యిల్లు క్రాయిడనని నాకు తెలియును. వెనుకటివలె ముల్లు గ్రుచ్చుకొనుట లేదు. తన తల్లిదండ్రు లున్న తావును ఇల్లని పిలుచుట పిల్ల తప్పు కాదు. నా కుమార్తె కాపురమున్న తావును సీమయని పిలుచుట నా తప్పును కాదు. ఒకే మాటను ఇరువైపుల నిలిచి పలుకుచున్నాము. ఎవరి వైపునుండి పలుకుచున్నారో తెలిసికొని వినుటయే మనము చేయదగినది. ఆ కొండమీది 53 మంది మాటను ఆనాడు అట్లు విన్నవారు తక్కువ. సోదరీమణులలో ఎవరైన పిల్లలను చూచుటకై ఆ దేశము పోవుట తటస్థించినచో, లండను మేడలతో పాటు ఆ తెల్లని గొడుగును కూడ చూచి రాగోరెదను. నడువగలిగిన కాళ్లును, ఒక పూట తీరికయు చాలును.